కోటమట్టి చెప్పు పాఠము

ఆనందము ఎచ్చట లభించును? ధనమునందా, ప్రఖ్యాతియందా, దూరదేశయాత్రలయందా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు బీదరు పట్టణపు చేతిపని యొకదానిని పరిశీలింతము. బసవేశ్వరుని కార్యక్షేత్రమైన కల్యాణము నేడు ఈ బీదరు జిల్లాలోనే కలదు. 1956 వరకు ఈ ప్రాంతము హైదరాబాదు రాష్ట్రమున ఉండెడిది. కావున బిద్రీ పాత్రలు తెలుగువారికి పరాయివి కావు.

బిద్రీ పనికి మూలపదార్థము జింకు. సుమారు 16 పాళ్ల జింకునకు 1 పాలు రాగి చేర్చి కరగించి, ఇసుక అచ్చులలో పోత పోయుదురు. పోసిన వస్తువు తెల్లగా నుండును. దానిని ఆకురాతితో నునుపు చేసి మైలుతుత్తపు నీటిని పూయగా తాత్కాలికముగ నల్లబడును. ఆ నలుపుపై ఉలితో చెక్కిన గీత తేటగా కనబడును. ఆ గాడులలో వెండితీగను, వెండిరేకును సుత్తితో పొదుగుదురు. పిమ్మట మరల రాపిడి పెట్టగా నలుపు తొలగి, వెండియు లోహమును ఒకే వన్నెలో కలిసిపోవును. ఎంతో ఓర్పుతో చేసిన పని యంతయు కంటికి దాదాపు కానరాకుండ పోవును!

అప్పుడు ఆదుకొనునది మట్టి. కోటలో ఎండవానలు సోకని పాతకట్టడముల మట్టిని తెచ్చి, నవాసారము కలిపిన నీటిలో కాచి, ఆ ద్రవముతో వస్తువును రుద్దుదురు. లోహము కాటుకవలె నల్లబడును. వెండి యిసుమంతయు మారక, చీకటిలో చుక్కవలె మెరయును. ఆ మట్టిలోని లవణములే దీనికి తోడ్పడుచున్నవి. మంచి మట్టిని పనివారు నాలుకపై వేసికొని రుచిచూచి గుర్తింతురు.

ఇందు గ్రహింపవలసిన విషయములు రెండు. మొదటిది: ఎందరో త్రొక్కి నడచిన మట్టిలోని గుణము, పనియందు మనస్సు నిలిపినవారికే బయల్పడినది. మన దైనందిన జీవితమునందును వింతలు కొల్లలు. వానిని చూచు శ్రద్ధయే కొరత. రెండవది: తన శ్రమ కానరాని దశలో సైతము పనివాడు చేయి ఆపడు. ఫలము వెలువడక పూర్వమే పనియందు తృప్తిని పొందగలుగుటయే నిజమైన ఆనందము.

శరణులు కాయకమునకు ఉన్నతస్థానము నొసగిరి. మేదర కేతయ్య వెదురుపనిచేతను, అంబిగర చౌడయ్య పడవ నడుపుటచేతను హీనులు కాలేదు, అనుభవమంటపమున పూజ్యులైరి. 2023లో బీదరు బిద్రీ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీ పద్మశ్రీ పురస్కారమును పొందుట, చేతిపని గౌరవమునకు కులమతముల హద్దు లేదని చాటుచున్నది.

అయినను ఒక్క పురస్కారము కళను బ్రదికింపజాలదు. పనికి తగిన వెల రానినాడు పనివాని బిడ్డలు ఉలిని విడిచి వేరొక జీవనోపాధిని వెదకికొందురు. వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. సభలలో కాయకమును కొనియాడి, వాకిట నిలిచిన కుమ్మరితోను, మేదరితోను రూపాయికై బేరమాడు మనము ఏ సిద్ధాంతమును ఆచరించుచున్నట్లు? మఠములు ఉత్సవములందు చేతిపనివారిని వేదికపై కూర్చుండబెట్టి, వారి పనిని పిల్లలకు చూపింపవలెను. గృహస్థులు తమ బిడ్డలకు ఒక్క చేతిపనినైనను నేర్పింపవలెను. స్వహస్తములతో ఒక వస్తువును చేసి చూచినవాడు ఎదుటివాని శ్రమకు వెలకట్టుటలో పొరపడడు.