గోదావరి ఒడంబడిక – ప్రపంచ శాంతి

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. వివాదాల పరిష్కారంలో స్థానికులకు, ప్రాంతీయ సంస్థలకు, ఉన్నత సంస్థలకు ఉండవలసిన పరస్పర సహకారాన్ని వివరించడం దీని ఉద్దేశం. పోచంపాడు జలవివాదం ఇందుకు ప్రధాన ఉదాహరణ.

పాఠ్యభాగం

మనుషులు కలిసి జీవించే ప్రతిచోటా తగవులు పుడతాయి. తగవే లేని లోకాన్ని ఊహించుకోవడం కంటే, తగవు యుద్ధంగా మారకుండా కాపాడే వ్యవస్థను నిర్మించుకోవడం వివేకవంతుల లక్షణం. రెండు ప్రపంచయుద్ధాల వినాశనాన్ని చవిచూసిన దేశాలు 1945లో ఐక్యరాజ్యసమితిని స్థాపించినప్పుడు ఈ వివేకాన్నే ప్రదర్శించాయి. సమితి ఛార్టరులోని ఎనిమిదవ అధ్యాయం ప్రాంతీయ సంస్థలకు శాంతి పరిరక్షణలో ఒక స్థానం కల్పించింది. స్థానిక వివాదాలను భద్రతామండలి ముందుకు తెచ్చే లోపుగా ప్రాంతీయ సంస్థల ద్వారా శాంతియుతంగా పరిష్కరించుకోవడానికి దేశాలు సర్వవిధాలా ప్రయత్నించాలని 52వ అధికరణ చెబుతున్నది. మండలి అనుమతి లేనిదే ప్రాంతీయ సంస్థలు బలప్రయోగానికి పూనుకోరాదని 53వ అధికరణ, తమ చర్యలను ఎప్పటికప్పుడు మండలికి తెలియజేయాలని 54వ అధికరణ నిర్దేశిస్తున్నాయి.

ఈ ఏర్పాటు వెనుక లోతైన ఆలోచన ఉన్నది. పొరుగువారికి వివాదం పుట్టుపూర్వోత్తరాలు తెలుసు. కాని వారికి స్వప్రయోజనాలు కూడా ఉంటాయి. దూరాన ఉన్న పెద్ద సంస్థకు నిష్పాక్షికత ఉంటుంది. కాని స్థానిక పరిస్థితులపై సమగ్రమైన అవగాహన ఉండదు. ఒకరి లోటును మరొకరు పూరించినప్పుడే శాంతి నిలుస్తుంది.

దేశాల మధ్య వర్తించే ఈ సూత్రం రాష్ట్రాల మధ్య కూడా వర్తిస్తుందనడానికి నిజామాబాద్ జిల్లాలోని పోచంపాడు సాక్ష్యం. ఆర్మూరు పసుపు పంటకు పేరుగాంచిన ఈ ప్రాంతంలో గోదావరిపై నిర్మించిన ప్రాజెక్టుకు 1963 జూలై 26న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1971లో ప్రపంచబ్యాంకు అనుబంధ సంస్థ అయిన అంతర్జాతీయ అభివృద్ధి సంఘం దీనికి రుణం మంజూరు చేసింది. 1978లో ఇది శ్రీరాంసాగర్ ప్రాజెక్టుగా పేరు మార్చుకొన్నది. అయితే గోదావరి మహారాష్ట్రలో పుట్టి, ఆ రాష్ట్రాన్ని దాటి తెలుగు నేలకు వస్తుంది. ఎగువన ఎంత నీరు వాడుకోవచ్చు, దిగువకు ఎంత రావాలి అన్న ప్రశ్న అనివార్యంగా తలెత్తింది.

1956 నాటి అంతర్రాష్ట్ర జలవివాదాల చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం 1969 ఏప్రిల్‌లో జస్టిస్ ఆర్.ఎస్. బచావత్ అధ్యక్షతన గోదావరి జలవివాదాల ట్రిబ్యునల్‌ను నియమించింది. ట్రిబ్యునల్ విచారణ సాగుతుండగానే ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్రలు తమంత తాముగా చర్చించుకొని 1975 అక్టోబర్ 6న ఒక ఒప్పందానికి వచ్చాయి. దాని ప్రకారం పైఠాన్, సిద్ధేశ్వర్, నిజాంసాగర్ ఆనకట్టలకు దిగువన, పోచంపాడు వరకు గల పరీవాహక ప్రాంతంలో మహారాష్ట్ర కొత్త పథకాలకు 60 టి.ఎం.సి.లకు మించకుండా నీరు వాడుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ 1091 అడుగుల పూర్తి నీటిమట్టంతో పోచంపాడును నిర్మించుకొని, అక్కడి వరకు మిగిలిన నీటినంతా వినియోగించుకోవచ్చు. మహారాష్ట్రలో ముంపునకు గురయ్యే భూములను ఆ రాష్ట్రమే సేకరించాలని, అందుకు అయ్యే వ్యయాన్ని ఆంధ్రప్రదేశ్ భరించాలని కూడా నిర్ణయించుకొన్నాయి. 1980 జూలైలో వెలువడిన తుది తీర్పులో ట్రిబ్యునల్ ఈ ఒప్పందాన్ని చేర్చింది. పొరుగువారు కుదుర్చుకొన్న మాటకు ఆ విధంగా చట్టబలం లభించింది.

ఒప్పందం కుదిరినంత మాత్రాన వివాదం శాశ్వతంగా సమసిపోదు. పోచంపాడు జలాశయపు ముంపు ప్రాంతంలోనే, నాందేడ్ జిల్లా ధర్మాబాద్ సమీపంలో, మహారాష్ట్ర 2.74 టి.ఎం.సి.ల సామర్థ్యంతో బాబ్లీ బ్యారేజీ నిర్మాణం చేపట్టింది. దిగువ రైతులు ఆందోళన చెందారు. 2006లో ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టును ఆశ్రయించింది. 2010 జూలైలో బ్యారేజీని చూడబోయిన ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యులను మహారాష్ట్ర పోలీసులు నిర్బంధించడంతో ఉద్రిక్తత పెరిగింది. చివరకు 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బ్యారేజీని కూల్చమనలేదు, ఇష్టానుసారం వాడుకోమనీ అనలేదు. ఏటా జూలై 1 నుంచి అక్టోబర్ 28 వరకు గేట్లు ఎత్తి ఉంచాలని, మార్చి 1న 0.6 టి.ఎం.సి. నీటిని దిగువకు విడవాలని ఆదేశించింది. అమలును పర్యవేక్షించడానికి కేంద్ర జలసంఘం ప్రతినిధితో పాటు రెండు రాష్ట్రాల ప్రతినిధులు ఉండే త్రిసభ్య సంఘాన్ని ఏర్పరచింది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన పిదప దిగువ రాష్ట్రపు స్థానం తెలంగాణకు సంక్రమించింది. మనుషులు గద్దెలు మారినా, రాష్ట్రాల సరిహద్దులు మారినా, వ్రాసుకొన్న నియమం నిలిచింది.

అంతర్జాతీయ రంగంలో ఇటువంటి సహకారానికి ఆఫ్రికా ఖండం ప్రయోగశాల అయింది. లైబీరియాలో అంతర్యుద్ధం చెలరేగినప్పుడు 1990లో పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ముందుగా సైన్యాన్ని పంపింది. 1993లో సమితి పరిశీలక బృందం దానికి తోడైంది. సూడాన్‌లోని దార్ఫూర్‌లో ఆఫ్రికన్ యూనియన్ దళాలకు వనరులు చాలనప్పుడు, 2007లో సమితి, యూనియన్ కలిసి ఉమ్మడి దళాన్ని నెలకొల్పాయి. అది 2020 డిసెంబర్‌తో ముగిసింది. 2023 ఏప్రిల్‌లో సూడాన్ మళ్లీ యుద్ధజ్వాలల్లో చిక్కుకొన్నది. దళాలు వెళ్లిపోయాక కూడా నిలిచే ఒడంబడిక లేకపోతే శాంతి తాత్కాలికమేనని ఈ అనుభవం తెలుపుతున్నది. ఆఫ్రికన్ యూనియన్ శాంతి దళాల వ్యయంలో 75 శాతం వరకు సమితి సభ్యదేశాల చందాల నుంచి భరించే వీలును, సందర్భాన్ని బట్టి, 2023 డిసెంబర్‌లో భద్రతామండలి తన 2719వ తీర్మానం ద్వారా కల్పించింది.

దక్షిణాసియా పరిస్థితి వేరు. 1985లో ఢాకాలో ఆవిర్భవించిన సార్క్ ఛార్టరులోని పదవ అధికరణ ద్వైపాక్షిక, వివాదాస్పద అంశాలను చర్చల నుంచి మినహాయించింది. ప్రపంచబ్యాంకు మధ్యవర్తిత్వంతో 1960లో భారత, పాకిస్తాన్‌లు కుదుర్చుకొన్న సింధు జలాల ఒప్పందం పలు యుద్ధాలను తట్టుకొని నిలిచినా, పహల్గామ్ ఉగ్రవాద దాడి అనంతరం 2025 ఏప్రిల్‌లో భారతదేశం దానిని నిలిపివేసింది. పరస్పర విశ్వాసం సన్నగిల్లినప్పుడు ఎంతటి పటిష్ఠమైన ఒప్పందానికైనా పరీక్ష తప్పదు.

పోచంపాడుకు, ప్రపంచానికి మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. రాష్ట్రాలపై సుప్రీంకోర్టు ఉన్నది. దేశాలపై అటువంటి తిరుగులేని అధికారం లేదు. కనుకనే దేశాల మధ్య పొరుగువారి చర్చలు, ప్రాంతీయ సంస్థల చొరవ, సమితి పర్యవేక్షణ మరింత అవసరం. ఏటా జూలై 1న బాబ్లీ గేట్లు తెరుచుకోవడం చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని ఒక నదిని పంచుకొన్న రెండు ప్రాంతాలు ఇచ్చిన మాటను సంవత్సరం వెంట సంవత్సరం నిలుపుకోవడమే శాంతికి అసలైన పునాది.

పదాలు – అర్థాలు

ఒడంబడిక = ఒప్పందం
అధికరణ = చట్టంలోని ఒక భాగం
పరీవాహక ప్రాంతం = నదికి నీరు చేరే భూభాగం
టి.ఎం.సి. = శతకోటి ఘనపుటడుగులు
ద్వైపాక్షికం = రెండు పక్షాలకు సంబంధించినది

ప్రశ్నలు

1. ఐక్యరాజ్యసమితి ఛార్టరు ప్రాంతీయ సంస్థలకు కల్పించిన స్థానాన్ని వివరించండి.
2. 1975 నాటి ఒప్పందంలోని ముఖ్యాంశాలను తెలపండి.
3. బాబ్లీ వివాదంలో సుప్రీంకోర్టు తీర్పు రెండు పక్షాలకు ఎలా న్యాయం చేకూర్చిందో చర్చించండి.