మిగిలిన అన్నము, ఆరిన రొట్టె: వృథా కాకుండ వాడుకొను విధము

బంటుమిల్లి ప్రాంతము కృష్ణా డెల్టాలో వరి పండు సీమ. ఒక కిలో ధాన్యము పండుటకు సగటున 2,500 లీటర్ల నీరు కావలెనని శాస్త్రజ్ఞుల అంచనా. కాలువ చివరి పొలములకు నీరు చేరుట ఎంత కష్టమో ఎరిగిన రైతులకు, పారవేసిన అన్నము పారబోసిన నీరేయని వేరుగా చెప్పనక్కరలేదు. 2022లో ప్రపంచమున 105 కోట్ల టన్నుల ఆహారము వృథా అయినదనియు, అందు నూటికి 60 వంతులు ఇండ్లలోనే పోయినదనియు ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ప్రకటించినది. కావున పొదుపు వంటింటనే ఆరంభము కావలెను.

గట్టిపడుట వేరు, చెడుట వేరు

చల్లారిన అన్నము బిరుసెక్కుటకును, నిన్నటి రొట్టె గట్టిపడుటకును ముఖ్య కారణమొక్కటే. ఉడికినపుడు మెత్తబడిన పిండిపదార్థము చల్లారగా మరల గట్టిపడును. ఇది చెడుట కాదు. వేడిచేసిన మరల మెత్తబడును. కాని బూజు పట్టిన రొట్టెను పూర్తిగా పారవేయవలెను. బూజు పోగులు కంటికి కానరాకుండ లోనికి ప్రాకియుండును.

అన్నము విషయమున మరియొక జాగ్రత్త కలదు. బియ్యములోని కొన్ని సూక్ష్మజీవుల బీజములు ఉడికించినను చావవు. అన్నము గోరువెచ్చగా చాలసేపు నిలువయున్నచో అవి పెరిగి విషమును పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను పోదు. అందుచే వండిన ఆహారమును రెండు గంటలకు మించి బయట నిలువయుంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించుచున్నది.

వాడుకొను విధములు

1. రాత్రి మిగిలిన అన్నమును త్వరగా చల్లార్చి, కాచి చల్లార్చిన పాలు పోసి, పెరుగు తోడువేసి, ఉదయమే చద్దన్నముగా భుజింపవచ్చును. పులుపు హెచ్చినకొలది హానికర క్రిముల పెంపు తగ్గును.

2. వేసవిలో అన్నమును మెత్తగా మెదిపి, ఉప్పు, జీలకర్ర, పచ్చిమిరప ముద్ద కలిపి, గుడ్డపై వడియములు పెట్టి, గలగలలాడునట్లు ఎండనీయవలెను. మబ్బు పట్టిన దినములలో ఈ పని తగదు.

3. ఆరిన రొట్టెను ముక్కలు చేసి, ఉల్లి, పోపు వేసి ఉప్మా చేయవచ్చును. లేక పెనముపై దోరగా వేచి పొడిచేసి కట్లెట్లకు అద్దవచ్చును.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

ఇంటిలో మిగులునది గిన్నెడు. అన్నసమారాధనలలో మిగులునది గంగాళములు. దానిని ఒక్కమారుగా పశువులకు పెట్టుట పెద్ద పొరపాటు. అలవాటు లేని అన్నము అధికముగా తిన్న పశువు కడుపులో ఆమ్లము హెచ్చి, ప్రాణమునకే ముప్పు వాటిల్లవచ్చును. సంతర్పణ చేయువారితో సభ్యులు ముందుగానే మాటలాడి, వచ్చువారి సంఖ్యనుబట్టి విడతలుగా వండించుట మేలు. మిగిలినదానిని వేడిగా నుండగనే పంచిపెట్టు ఏర్పాటును ముందే చేసికొనవలెను. వేళ మించినదానిని మురుగుకాలువలో వేయక కంపోస్టు గుంటకు చేర్చవలెను.

కొలిచి వండుట మొదటి పొదుపు. మంచిగా నుండగనే వాడుకొనుట రెండవది. చెడినదానిని తినుట పొదుపు కాదు. ఈ మూడు మాటలను తమ వార్డులోని ప్రతి ఇంటికి అందజేయవలసినదిగా సభ్యులను మేము కోరుచున్నాము.