చందా ఉంచాలా, మానాలా?



1957లో విడుదలైన ‘మాయాబజార్’ చిత్రాన్ని మీలో చాలామంది ఇంట్లో పెద్దలతో కలిసి చూసే ఉంటారు. అందులో ‘ప్రియదర్శిని’ అనే పెట్టె ఒకటి ఉన్నది. దాని మూత ఎవరు తెరిస్తే వారి మనసుకు ప్రియమైనది వారికి కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. బలరాముడికి దుర్యోధనుడు కనిపించాడు. రేవతీదేవికి నగలు కనిపించాయి. పెట్టె ఒక్కటే, చూసేవారిని బట్టి లోపలి దృశ్యం మారుతుంది.

అమెరికాలోని మన ఇళ్ళలో గోడకు బిగించిన టీవీ కూడా దాదాపు అటువంటి పెట్టెయే. తమ్ముడు తెరిస్తే కార్టూన్లు, నాన్నగారు తెరిస్తే క్రికెట్, అమ్మగారు తెరిస్తే కొత్తగా వచ్చిన సినిమా. అయితే ఒక తేడా ఉన్నది. ప్రియదర్శినికి ఎవరూ నెలనెలా డబ్బు కట్టలేదు. మన పెట్టెకు కట్టాలి. ఆ డబ్బు కట్టడం తగునా తగదా అని ఒక కుటుంబం ఎలా తేల్చుకోవాలో ఈ పాఠంలో చూద్దాం.

ముందుగా మాట సంగతి. ఇలా కట్టే డబ్బుకు తెలుగులో ‘చందా’ అని పేరు. ఇది పారశీక భాష నుండి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన పదం. వినాయక చవితి పందిరి కోసం వీధిలో ఇంటింటికీ తిరిగి వసూలు చేసేది కూడా చందాయే. పత్రిక నెలనెలా ఇంటికి రావడానికి ముందుగా కట్టే సొమ్మూ చందాయే. కట్టినవారు చందాదారులు. ‘మాయాబజార్’ను నిర్మించిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1947 జూలైలో ‘చందమామ’ మాసపత్రికను ప్రారంభించారు. మీ తాతగారినో అమ్మమ్మగారినో అడిగి చూడండి. చందా కట్టి, పోస్టుమాన్ కోసం గుమ్మంలో ఎదురుచూసిన రోజుల గురించి తప్పక చెబుతారు.

ఆ చందాకూ ఈ చందాకూ మధ్య ఉన్న భేదాన్ని మీరు గట్టిగా పట్టుకోవాలి. చందమామకు కట్టిన డబ్బు అయిపోయినా పత్రికలు ఇంట్లోనే ఉండేవి. చాలామంది ఒక సంవత్సరపు సంచికలన్నిటినీ కలిపి బైండు చేయించి దాచుకొనేవారు. అన్న చదివిన పుస్తకాన్ని పదేళ్ళ తరువాత చెల్లెలి పిల్లలు చదివేవారు. వీడియో చందా అలా కాదు. అది కొనుగోలు కాదు, అద్దె. చందా ఆగిన నాడు మన చేతిలో ఏమీ మిగలదు. చందా కడుతూ ఉండగానే కూడా, నిన్నటి వరకు కనిపించిన సినిమా నేడు మాయం కావచ్చు. ఎందుకంటే కంపెనీ ఆ సినిమాను చూపే హక్కును నిర్మాత నుండి కొంతకాలానికే తీసుకొంటుంది. గడువు తీరితే తొలగించక తప్పదు.

హక్కులు కాలాన్ని బట్టే కాదు, దేశాన్ని బట్టీ భాషను బట్టీ విడిపోతాయి. భారతదేశంలో ఉన్న మీ మేనత్తగారి ఫోనులో కనిపించే సినిమా, అదే కంపెనీకి చందా కట్టిన మీ ఇంట్లో కనిపించకపోవచ్చు. ఇక భాష సంగతికి మంచి ఉదాహరణ ‘ఆర్ఆర్ఆర్’. 2022 మార్చిలో థియేటర్లలో విడుదలైన ఆ చిత్రం మే నెలలో ఇళ్ళకు వచ్చింది. నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చినది హిందీ అనువాదం. తెలుగు మాటలతో చూడాలనుకొన్నవారు జీ ఫైవ్‌కు వెళ్ళవలసి వచ్చింది. రాజమౌళిగారు తీసిన తెలుగు సినిమాను తెలుగువారు హిందీలో వినడమా! నాకైతే అది ఉప్పు లేని పప్పులా అనిపించింది. కనుక ‘ఈ కంపెనీలో ఆ సినిమా ఉన్నదా?’ అని అడిగితే చాలదు. ‘మన దేశంలో, మన భాషలో ఉన్నదా?’ అని అడగాలి. తెలుగు కార్యక్రమాలే ప్రధానంగా 2020లో ‘ఆహా’ వంటి వేదిక వచ్చినా, అన్ని తెలుగు సినిమాలూ ఒకే చోట దొరకవు. అందుకే ఒకటి తరువాత ఒకటిగా చందాలు పెరుగుతూ పోతాయి.

ఇప్పుడు ఒక ఇంటిలోనికి వెళ్దాం. ఈ ఇల్లు పాఠం కోసం నేను కట్టుకొన్నది. అంకెలు కూడా మీరు సులభంగా లెక్కించుకొనేలా నేను వేసుకొన్నవే. అయితే ఇటువంటి ఇల్లు మీకు తెలియనిదేమీ కాదు. అమ్మ, నాన్న, పదేళ్ళ అక్క, ఏడేళ్ళ తమ్ముడు. గుంటూరు జిల్లా నుండి ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన నాయనమ్మ. ఆ ఇంట్లో మూడు చందాలు ఉన్నాయి. మొదటిది ఎక్కువగా ఇంగ్లీషు సినిమాలు ఉన్నది, నెలకు 15 డాలర్లు. రెండవది పిల్లల కార్టూన్లు ఉన్నది, 12 డాలర్లు. మూడవది తెలుగుది, 9 డాలర్లు.

విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద మొత్తం కాదు. ఒక పూట హోటలు భోజనం ఖర్చయినా కాదు. కాని కలిపితే నెలకు 36 డాలర్లు. దానిని పన్నెండుతో గుణించి చూడండి: 432 డాలర్లు. చందా కట్టించుకొనేవారు ఎప్పుడూ నెల లెక్కనే పెద్ద అక్షరాలతో చూపుతారు. సంవత్సరపు లెక్క మనమే వేసుకోవాలి.

‘ఒకటి తీసేద్దాం’ అన్నారు నాన్నగారు. ఏది తీసేయాలి? నాది వద్దు అంటే నాది వద్దు అని పిల్లలు పోట్లాడుకొన్నారు. అప్పుడు అమ్మగారు ఒక నోటుపుస్తకం తెచ్చి బల్ల మీద ఉంచారు. నాలుగు వారాల పాటు ఎవరు, ఏ రోజు, ఏ చందాలో, ఎన్ని గంటలు చూశారో అందులో వ్రాయాలి. వ్రాసే పని అక్కకు అప్పగించారు.

నెల చివర లెక్క ఇలా తేలింది. మొదటి చందాలో 20 గంటలు చూశారు. 15 డాలర్లను 20తో భాగిస్తే గంటకు 75 సెంట్లు. కార్టూన్లు 24 గంటలు. గంటకు 50 సెంట్లు. తెలుగు చందాలో ఒక శనివారం రాత్రి అందరూ కలిసి చూసిన మూడు గంటల సినిమా ఒక్కటే. తొమ్మిది డాలర్లు, మూడు గంటలు. గంటకు 3 డాలర్లు! ఇంకేమున్నది? తెలుగు చందాను మాన్పించాలని నిర్ణయమైపోయింది. సంవత్సరానికి 108 డాలర్లు మిగులుతాయని తమ్ముడు కూడా లెక్క వేసి చెప్పాడు.

ఇక్కడ ఒక్క నిమిషం పుస్తకం మూసి ఆలోచించండి. భాగహారం సరిగ్గానే ఉన్నది. మరి తప్పు ఎక్కడ ఉన్నది?

అక్క వ్రాసినది సాయంత్రాలలో, శని ఆదివారాలలో తాను కళ్ళారా చూసిన గంటలు మాత్రమే. ఉదయం ఎనిమిదింటికి అందరూ బడికీ ఆఫీసుకూ వెళ్ళిపోతారు. మధ్యాహ్నం మూడున్నర దాకా ఆ ఇంట్లో ఉండేది నాయనమ్మ ఒక్కరే. కారు నడపడం రాదు. వీధిలో పలకరించేవారు లేరు. ఊళ్ళో ఉన్న చెల్లెలికి ఫోను చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి. పప్పు పొయ్యి మీద పెట్టి, బట్టలు మడతపెట్టుకొంటూ, ఆమె రోజుకు రెండు గంటలు తెలుగు ధారావాహికలు చూసేవారు. ఆ రెండు గంటలే పగటిపూట ఆమె చెవిన పడే తెలుగు.

మాన్పించడానికి నాన్నగారు ఫోను తీసినప్పుడు అక్కకు అనుమానం వచ్చింది. ‘నాయనమ్మా, నువ్వు పగలు టీవీ చూస్తావా?’ అని అడిగింది.

‘నేను చూసేది కూడా రాయాలటే అమ్మడూ?’ అన్నారు నాయనమ్మ. తరువాత కొడుకు వైపు తిరిగి, ‘నా కోసమని ఉంచకురా. తొమ్మిది డాలర్లంటే మన డబ్బులో ఎంతవుతుందో! తీసెయ్’ అన్నారు.

అక్క మళ్ళీ లెక్క వేసింది. వారానికి ఐదు రోజులు, రోజుకు రెండు గంటలు, నాలుగు వారాలు: 40 గంటలు. శనివారపు మూడు గంటలు కలిపితే 43. తొమ్మిది డాలర్లను 43తో భాగిస్తే గంటకు సుమారు 21 సెంట్లు. అన్నిటికన్నా ఖరీదైనదని తేలిన చందా అన్నిటికన్నా చౌక అయింది. ఇప్పుడు ఖరీదైనది ఏది? నాన్నగారు రాత్రిపూట ఒంటరిగా చూసే మొదటి చందా. అందులోనూ సగం సినిమాలు పావుగంట చూసి ఆపేసినవే! ఆయన నవ్వి దానినే మాన్పించారు.

ఆ ధారావాహికలలోని అత్తాకోడళ్ళ తగవులు నాకు అంతగా నచ్చవని ఇక్కడ ఒప్పుకోవాలి. ఒక చెంపదెబ్బను మూడుసార్లు చూపించే సాగతీత భరించడం కష్టం. కాని బడి నుండి వచ్చి నాయనమ్మ పక్కన అరగంట కూర్చునే అలవాటు ఆ అక్కకు ఏర్పడింది. ‘తోటికోడలు అంటే ఎవరు?’ అని ఒకనాడు అడిగింది. ‘మీ అమ్మకు మీ పిన్ని తోటికోడలు. మీ నాన్న తమ్ముడి భార్య కదా!’ అని నాయనమ్మ చెప్పారు. మరునాడు ‘వియ్యపురాలు’ వచ్చింది. ఇంగ్లీషులో ఒక్క మాటతో చెప్పలేని బంధుత్వాలు ఇవి. తరగతిలో నేను నల్లబల్ల మీద వ్రాసి నేర్పితే ఇంత త్వరగా పట్టుబడవు. గంటకు 21 సెంట్లు అనే లెక్కలో ఈ అరగంట ఎక్కడా కనిపించదు.

బంధుత్వాల మాట వచ్చింది కనుక మరొకటి చెబుతాను. ‘కుటుంబం’ అంటే మనకు పెదనాన్నగారు, బాబాయిగారు, మేనమామగారు అందరూ. వారు వేరే రాష్ట్రంలో ఉన్నా కుటుంబమే. కంపెనీల నిబంధనలలో మాత్రం కుటుంబం అంటే సాధారణంగా ఒకే ఇంట్లో నివసించేవారు. నెట్‌ఫ్లిక్స్ 2023 మే నుండి అమెరికాలో ఈ నియమాన్ని గట్టిగా అమలు చేస్తున్నది. ఇంటి బయట ఉన్నవారికి విడిగా డబ్బు కట్టాలి. కనుక ‘బాబాయిగారి పాస్‌వర్డ్ ఉన్నది కదా’ అని లెక్క వేసుకోకండి. ఒకేసారి ఎన్ని తెరల మీద చూడవచ్చో కూడా చందాను బట్టి మారుతుంది. ఇంట్లో పోట్లాటలకు అది కూడా ఒక కారణమే.

సంవత్సరపు చందా కట్టాలా, నెల చందాయా? మన ఇంటి తెలుగు చందా సంవత్సరానికి ఒకేసారి కడితే 72 డాలర్లు అనుకొందాం. నెలకు 9 చొప్పున 72 డాలర్లు అంటే ఎనిమిది నెలల సొమ్ము. ఎనిమిది నెలలకు మించి చూసేవారికి సంవత్సరపు చందా లాభం. నాయనమ్మ ఉండేది ఆరు నెలలు. ఆరు తొమ్ములు 54. ఆమె తిరిగి వెళ్ళాక కూడా తెలుగు చందా ఉంచాలా అని ఆ ఇంట్లో ఇంకా తేలలేదు. అక్క ఉంచాలంటున్నది, తమ్ముడికి 54 డాలర్లతో కొనవలసిన ఫుట్‌బాల్ బూట్లు ఉన్నాయి.

‘మొదటి నెల ఉచితం’ అని పిలిచేవారి దగ్గర జాగ్రత్త అవసరం. ముందుగా కార్డు నంబరు తీసుకొంటారు. గడువు దాటిన రోజు నుండి డబ్బు దానంతట అదే తీసుకొంటారు. చేరిన రోజునే, గడువుకు రెండు రోజుల ముందు తేదీని గోడ క్యాలెండరులో గుండ్రంగా చుట్టి పెట్టమని మీ పెద్దలకు చెప్పండి.

నాన్నగారికి సినిమాలు కరువయ్యాయని మీరు జాలిపడనక్కరలేదు. అమెరికాలోని అనేక ప్రజా గ్రంథాలయాలు తమ కార్డు ఉన్నవారికి కనోపీ, హూప్లా వంటి వేదికల ద్వారా సినిమాలను ఉచితంగా చూపుతున్నాయి. డీవీడీలు కూడా అరువిస్తాయి. ఇక పాత తెలుగు చిత్రాలలో చాలావాటిని హక్కుదారులే యూట్యూబ్‌లో ఉంచారు. నడుమ వచ్చే ప్రకటనలను ఓర్చుకోగలిగితే చాలు.

ఇంటిపని: ఈ ఆదివారం నుండి నాలుగు వారాల పాటు మీ ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. ప్రతి పుటలో నాలుగు గీతలు గీసి తేదీ, చూసినవారు, చందా పేరు, గంటలు అని తెలుగులోనే వ్రాయండి. ఎవరు ఎవరితో కలిసి చూశారో ఐదవ వరుసలో వ్రాయండి. మీరు ఇంట్లో లేని వేళల్లో ఎవరు చూస్తున్నారో అడిగి వ్రాయడం మరచిపోవద్దు. చివరన గంటకు ఎంత పడిందో భాగించి, ఏ చందా ఉంచాలో, ఏది మానాలో మీ ఇంటివారు చెప్పిన కారణాలను వారి మాటల్లోనే ఐదు వాక్యాలలో వ్రాసి తీసుకొని రండి. ఆ నాలుగు వారాలలో మీరు విన్న కొత్త తెలుగు మాట ఒకటి, దాని అర్థం మీకు చెప్పినవారి పేరుతో సహా, నల్లబల్ల మీద వ్రాయవలసి ఉంటుంది.