సందేహాలు - సమాధానాలు: పరదేశం పోతున్న యవ్వనస్థులు, ఇంటి దగ్గరి బుగులు

సంఘం యువ బృందాలతో విదేశాలకు వెళ్తున్నవాళ్లు, వాళ్లను పంపి ఇంట్లో ఎదురుచూస్తున్నవాళ్లు చందుర్తి చుట్టుపక్కల నుంచి రాసిన ఉత్తరాలకు ఈసారి సమాధానాలు.

మా పెద్ద పిలగాడు సంఘం యవ్వనస్థులతోటి కెన్యాకు పోతున్నడు, రెండు వారాలు. వాళ్ల నాయిన మస్కట్ పోయినప్పుడు గూడ నాకు గింత బుగులు కాలె. రాత్రి నిద్ర పడుతలేదు. నాకేమన్న రోగమా?
– ఒక తల్లి, చందుర్తి

రోగం ఏమీ లేదమ్మా. మస్కట్‌లో మన వైపు వాళ్లు ఎందరో ఉంటారు కాబట్టి అప్పుడు ధైర్యంగా ఉన్నారు. కెన్యా పేరు కొత్త, అక్కడ తెలిసిన మొహం లేదు, అందుకే ఈసారి నిద్ర పట్టడం లేదు. బయలుదేరే ముందే ఫోను వేళ ఖాయం చేసుకోండి. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక నడుస్తుంది. మనకు రాత్రి తొమ్మిదిన్నర అయితే వాళ్లకు ఏడు. పల్లెల్లో సిగ్నల్ అందక ఒక రోజు ఫోన్ రాకపోవడం మామూలే. రెండు రోజులు గడిచినా మీ అబ్బాయి గానీ బృందం నాయకుడు గానీ పలకకపోతే పాస్టరు గారికి చెప్పి, నైరోబీలోని భారత హైకమిషన్‌కు ఫోన్ చేయించండి. ఆ నంబరు ఇప్పుడే కాగితం మీద రాయించి పెట్టుకోండి. అబ్బాయి తిరిగొచ్చాక కూడా నిద్ర రాకపోతే, అన్నం సయించకపోతే మాత్రం డాక్టరును కలవండి.

మిషన్ ట్రిప్ అని చెప్పి ఒకాయన మా చెల్లె పాస్‌పోర్టు, పైసలు అడుగుతున్నడు. ముందుగాల విజిట్ వీసా మీద దుబాయి పోవాలట, ఆడ పని గూడ దొరుకుతదట. అనుమానపడితే పాపమా?
– ఒక అన్న, కథలాపూర్ మండలం

మీ అనుమానం సరైనదే బాబూ, పాపమని ఎవరన్నా వెనక్కి తగ్గకండి. ఏజెంట్ల చేతిలో మోసపోయిన ఇళ్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. సంఘం పంపే యాత్రకు పిలిచిన సంఘం ఉత్తరం ఉంటుంది, వెళ్లే టికెట్, వచ్చే టికెట్ రెండూ ఉంటాయి, ఎక్కడ బస చేస్తారో రాసి ఉంటుంది, ఆడపిల్లలతో ఒక పెద్దామె వెళ్తుంది. కొన్ని దేశాల వీసా స్టాంపింగ్ కోసం పాస్‌పోర్టు కొన్నాళ్లు చేతులు మారడం మామూలే, కానీ దానికి రసీదు ఉండాలి. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరడం అక్కడి చట్టానికి విరుద్ధం. "ఆడ పని దొరుకుతది" అన్న మాట వచ్చిందంటే అది సువార్త యాత్ర కాదు. పాస్‌పోర్టు ఇవ్వకండి, పైసలు కట్టకండి. నిజంగా పనికే పంపాలనుకుంటే ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. ఇప్పటికే పాస్‌పోర్టు ఇచ్చి ఉంటే, అడిగినా తిరిగి ఇవ్వకపోతే, ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేయండి.

కెన్యా పోవాలంటే పచ్చజ్వరం సూది వేసుకోవాలంటున్నరు. ఆ సూదితోనే పచ్చకామెర్లు వస్తయని మా అమ్మమ్మ భయపడుతున్నది.
– ఒక విద్యార్థిని, సనుగుల

అమ్మమ్మకు ధైర్యం చెప్పండి. దీన్ని యెల్లో ఫీవర్ టీకా అంటారు, మన కామెర్లకూ దీనికీ సంబంధం లేదు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు ఒక్కసారి వేసుకుంటే చాలు, ఆ పసుపు కార్డు జీవితాంతం చెల్లుతుంది. కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే ఆపి 6 రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. సూది తర్వాత నాలుగైదు రోజులు కాస్త జ్వరం, ఒళ్లు నొప్పులు, తలనొప్పి వస్తే మామూలే. సూది వేసిన కాసేపటికే ఆయాసం వచ్చినా, మొహం ఉబ్బినా, లేదా రెండు వారాల లోపు గట్టి జ్వరంతో కళ్లు పచ్చబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గుడ్డు అసలు పడనివాళ్లు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు, 60 దాటినవాళ్లు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

సభలో నిలబడి సాక్ష్యం చెప్పాలంటే నా నోరు ఎండిపోతది, కాళ్లు వణుకుతయి. అక్కడ వేరే భాషవాళ్ల ముందు చెప్పాలె. నాకు విశ్వాసం తక్కువనా?
– ఒక యువతి, సిరిసిల్ల

విశ్వాసానికీ వణుకుకూ ముడిపెట్టకండి బిడ్డా. పదిమంది కళ్లు మన మీద పడగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. నోరు ఎండడం, గుండె దడ, చేతులు చల్లబడడం దాని పనే, ఏళ్ల తరబడి వాక్యం చెప్పిన పాస్టర్లకూ ఇది ఉంటుంది. మీ మాటను అనువదించే మనిషి పక్కన ఉంటారు కాబట్టి ఒక్కో వాక్యం చెప్పి ఆగండి. ఆ విరామంలో ఊపిరి మెల్లగా వదిలితే దడ తగ్గుతుంది. ఏ కారణమూ లేకుండా, ఒంటరిగా కూర్చున్నప్పుడు కూడా ఇలాంటి దడ పదేపదే వస్తుంటే, కళ్లు తిరిగి పడిపోతే, ప్రయాణానికి ముందే చూపించుకోండి. చెప్పలేనని అనిపిస్తే చెప్పనని నాయకురాలితో అనండి, వంట దగ్గరా పిల్లల దగ్గరా చేసే పని తక్కువది కాదు.

నెలసరి ఎప్పుడూ తప్పలేదు. నేపాల్ పోయి వచ్చినంక పది రోజులు దాటింది. ఎవరికీ చెప్పలేక ఏడుస్తున్న.
– పేరు వద్దు, మెట్‌పల్లి

ఏడవకండి. బస్సు, రైలు ప్రయాణం, నిద్ర చెడడం, తిండి మారడం వీటితో నెలసరి వారం పదిరోజులు అటూ ఇటూ కావడం మామూలు. గర్భం వచ్చే అవకాశం ఏ కొంచెం ఉన్నా మందుల షాపులో దొరికే కిట్‌తో ఈ వారమే పరీక్ష చేసుకోండి. అదేమీ లేకపోతే ఆరు వారాల దాకా చూడవచ్చు. పొత్తికడుపులో ఒక పక్క గట్టి నొప్పి వస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఎవరైనా మీ ఇష్టం లేకుండా మీద చేయి వేసి ఉంటే అది మీ తప్పు కాదు. నమ్మిన ఒక ఆడమనిషికి చెప్పండి, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

మా అన్న ఆఫ్రికా నుంచి వచ్చి ఇరవై రోజులైంది. రెండు రోజులుగ చలిజ్వరం. ఆరెంపీ డాక్టరు వైరల్ అని సూది వేసిండు. మలేరియా గోలీలు మధ్యల ఆపేసిండట. భయపడాల్నా?
– ఒక చెల్లెలు, రుద్రంగి

మీకు భయం కలగడం మంచిదే అయిందమ్మా, ఈ ఉత్తరం అందగానే ఫోన్ చేసి చెప్పించాను, ఇక్కడ మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. ఆఫ్రికా నుంచి వచ్చిన మూడు నెలల్లో ఏ జ్వరం వచ్చినా, అది మలేరియా కాదని రక్తపరీక్ష చెప్పేదాకా మలేరియా అనే అనుకోవాలి. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం. సమయానికి మందు పడితే పూర్తిగా నయమవుతుంది, ఆలస్యమైతే కొద్ది రోజుల్లోనే మెదడుకు, మూత్రపిండాలకు ఎక్కి ప్రాణం మీదికి తెస్తుంది. వేములవాడకో సిరిసిల్లకో ప్రభుత్వ ఆసుపత్రికి అదే రోజు వెళ్లాలి. వాళ్లు అడగకముందే "ఆఫ్రికా పోయి వచ్చిండు" అని చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పకపోతే మన దగ్గర ఎవరికైనా మొదట వైరల్ జ్వరమే తోస్తుంది, డాక్టరును తప్పు పట్టలేం. మొదటి పరీక్షలో ఏమీ లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మరునాడు, ఆ మరునాడు మళ్లీ చేయించాలి. మాట తడబడినా, మత్తుగా ఉన్నా, కళ్లు పచ్చబడినా, మూత్రం నల్లగా వచ్చినా గంట కూడా ఆగకూడదు.

ఇక గోలీల సంగతి. నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ మలేరియా తక్కువ. విక్టోరియా సరస్సు ఒడ్డున కిసుము వైపు, సముద్ర తీరాన మొంబాసా వైపు దోమ బెడద ఉంది. డాక్సీసైక్లిన్ వాడేవాళ్లు వెళ్లే ముందు రోజు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 4 వారాలు వేసుకోవాలి. ఇల్లు చేరాం కదా అని చాలామంది ఆపేసేది ఇక్కడే. దోమతో వచ్చిన క్రిమి కాలేయంలో దాగి, మనం ఇల్లు చేరాక రక్తంలోకి వస్తుంది కాబట్టే ఆ నాలుగు వారాలు. ఈ గోలీ అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకుండా ఉంటే గుండెల్లో మంట రాదు. ఎండకు చర్మం కమిలితే మామూలే, టోపీ పెట్టుకోవాలి.

అక్కడి తిండి మా కడుపుకు పడుతదా? మా పిల్లకు కొంచెం మసాలా మారినా విరేచనాలే.
– ఒక తల్లి, కోరుట్ల

కెన్యాలో రోజూ తినేది ఉగాలి అమ్మా, మక్కపిండి గట్టిగా వండిన ముద్ద, మన మక్క గట్కకు దగ్గరి చుట్టం. దాని పక్కన ఆకుకూర పెడతారు. తిండి పడుతుంది, తేడా చేసేది నీళ్లు. మూత సీలు ఉన్న నీళ్లో, కాచిన నీళ్లో తాగమనండి, ఐసు వద్దనండి. మొదటి వారంలో రోజుకు మూడు నాలుగు నీళ్ల విరేచనాలు వచ్చి రెండు మూడు రోజుల్లో తగ్గితే మామూలే, ఓఆర్ఎస్ ప్యాకెట్లు సంచిలో పెట్టండి. రక్తం పడినా, జ్వరం తోడైనా, తాగిన నీళ్లు కక్కేస్తున్నా, సగం రోజు మూత్రం రాకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి.

మనవడు పోతనంటున్నడు. మనది పల్లె, మన తెలుగోళ్లు సువార్త కోసం దేశం దాటిపోయిన్రా ఎప్పుడన్న? తెల్లదొరలు రావుడే గాని మనం పోవుడు నేను వినలె.
– ఒక పెద్దయ్య, మర్రిగడ్డ

పోయారు పెద్దయ్యా, మీరు పుట్టకముందే. 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు చెరకు తోటల పనికి మన తెలుగువాళ్లను ఒప్పంద కూలీలుగా ఓడల్లో తీసుకుపోయారు. వాళ్ల కోసం 1903లో నెల్లూరు వైపు తెలుగు బాప్టిస్టు సంఘాలు తమ సొంత చందాలతో జాన్ రంగయ్య గారిని కుటుంబంతో సహా అక్కడికి పంపాయి, ఆ ఏడాది చివరికే కియర్స్‌నీ తేయాకు తోటలో సంఘం కట్టారాయన. డోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1910లో, ఇంకా బిషప్ కాకముందు, 35 ఏళ్ల వయసులో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీల మహాసభకు వెళ్లి, మిషనరీలు మన వాళ్లతో స్నేహితుల్లా మెలగాలని మొహమాటం లేకుండా చెప్పారు. మీ మనవడికి మీరు చెప్పవలసిన మాట నా దృష్టిలో ఇదే: అక్కడివాళ్ల ఇంట్లో కూర్చుని వాళ్లు పెట్టింది తిని, వాళ్లు చెప్పేది వినమనండి. రంగయ్య గారు ఓడలో వెళ్లారు, మీ మనవడి దగ్గర ఫోను ఉంది, రోజూ గొంతు వినవచ్చు.

మా బృందం దుబాయిలో తెలుగు కార్మికుల సహవాసానికి పోతున్నది. మందులు, తిండి తీసుకపోతే పట్టుకుంటరని బెదిరిస్తున్నరు.
– బృందంలో ఒక యువకుడు, జగిత్యాల

బెదిరింపులో కొంత నిజం ఉంది, ముందే తెలిస్తే ప్రమాదం లేదు. మొట్టమొదట సంచిలోంచి గసగసాలు తీసేయండి. అక్కడ అవి నిషేధం, ఇంట్లో చేసిన మసాలా పొడిలో కలిపినా సరే. సకినాలు, సర్వపిండి, పచ్చళ్లకు ఇబ్బంది లేదు. ట్రమడాల్ ఉన్న నొప్పి గోలీలు, కోడీన్ ఉన్న దగ్గు మందు అనుమతి లేకుండా తీసుకెళ్లకండి. బీపీ, షుగరు, మూర్ఛ మందులు వాడేవాళ్లు డాక్టరు చీటీతో, అసలు ప్యాకింగ్‌లోనే పెట్టుకోవాలి. నిద్రకూ మనసుకూ వాడే మందులైతే యూఏఈ ఆరోగ్య శాఖ ఆన్‌లైన్‌లో ముందే అనుమతి ఇస్తుంది. ప్రార్థనకు కూడా అక్కడ కేటాయించిన చోట్లున్నాయి, దుబాయిలో ఊద్ మేథాలోనూ జెబెల్ అలీలోనూ చర్చి ఆవరణలున్నాయి, అక్కడ నిశ్చింతగా కూడుకోవచ్చు. వీధిలో కరపత్రాలు పంచడం, అనుమతి లేకుండా చందా పట్టడం నేరం. అధికారులు ఏదైనా మందు గురించి అడిగితే దాచకండి, చీటీ చూపించండి. ఒకవేళ పట్టుకుంటే అర్థం కాని కాగితం మీద సంతకం చేయకుండా భారత కాన్సులేట్‌కు ఫోన్ చేయనివ్వమని అడగండి.

నేపాల్‌లో సువార్త చెప్తే జైలా? పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలను తీసుకపోతున్న, గుండె దడగ ఉన్నది.
– బృంద నాయకుడు, కోనరావుపేట

అక్కడి సంఘంతో కలిసి ఆరాధించడం నేరం కాదు, ఆ దడ తగ్గించుకోండి. మతం మార్పించడం, మారమని ప్రోత్సహించడం మాత్రం 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న వాళ్ల శిక్షాస్మృతి ప్రకారం 5 ఏళ్ల దాకా జైలు, 50 వేల నేపాలీ రూపాయల దాకా జరిమానా ఉన్న నేరం. విదేశీయులను శిక్ష తర్వాత దేశం నుంచి పంపేస్తారు. అందుకే పిల్లల సంచుల్లో కరపత్రాల కట్టలు పెట్టకండి, ఎందుకు వచ్చారని అడిగితే అబద్ధం చెప్పమని నేర్పకండి. మీరు చేసిన పనికి ఆ తర్వాత జవాబు చెప్పుకోవలసింది అక్కడే బతికే విశ్వాసులు, కాబట్టి ఏది చేయొచ్చో ఏది వద్దో వాళ్లు చెప్పినట్టే నడుచుకోండి. ఇక ఆరోగ్యం విషయానికొస్తే, ఖాట్మండు ఎత్తు 1,400 మీటర్లే, ఇబ్బంది లేదు. 2,500 మీటర్లు దాటితే మొదటి రోజు తలనొప్పి, ఆకలి మందగించడం మామూలు. కూర్చున్నా ఆయాసం వస్తుంటే, నడక తూలుతుంటే రాత్రయినా కిందికి దింపాలి.

పిల్లల ఆశ్రమంలో కుక్కపిల్ల గీరింది. రక్తం రాలె, చర్మం కొంచెం లేచింది. ఇంటికొచ్చినంక చూపించుకుంటే చాలదా?
– బృందంలో ఒక అమ్మాయి, నేపాల్ నుంచి

చాలదు తల్లీ, కానీ సులువుగా అయ్యే పని, కంగారు వద్దు. సబ్బుతో, పారే నీళ్ల కింద పావుగంట కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. మిగిలిన డోసులు ఇక్కడికి వచ్చాక ప్రభుత్వ ఆసుపత్రిలో వేయించుకోవచ్చు, అక్కడి చీటీ పారేయకండి. రక్తం వచ్చి ఉంటే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి, కాబట్టి పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి.

వచ్చి నెల దాటింది. అక్కడ పిల్లలు చెప్పుల్లేకుండ బడికి నడుస్తరు. ఇక్కడ పెండ్లిల అన్నం పారేస్తుంటే చూడలేకపోతున్న. ఇంట్ల అందరి మీద కోపం, చర్చిల పాట పాడబుద్ధి కాదు. ఫోటోలు చూపియ్యమంటరు గాని ఎవ్వరూ రెండు నిమిషాల కంటె ఎక్కువ వినరు.
– ఒక యువకుడు, చందుర్తి

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు చూసింది నిజం, దానికి మనసు కదలడం ఆరోగ్యమే. వెళ్లినప్పటి కంటే తిరిగొచ్చాక ఇల్లే కొత్తగా, పరాయిగా అనిపించడాన్ని రివర్స్ కల్చర్ షాక్ అంటారు, గల్ఫ్ నుంచి వచ్చిన మీ ఊరి అన్నలను అడగండి, వాళ్లకు ఇది బాగా తెలుసు. కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల దాకా ఉండి మెల్లగా సర్దుకుంటుంది. రెండు నిమిషాలు వినేవాళ్లతో విసిగిపోకుండా, కలిసి వెళ్లిన వాళ్లు వారానికోసారి కూర్చుని మాట్లాడుకోండి, మీకు పూర్తిగా చెప్పుకునే చోటు అదే. పాట పాడబుద్ధి కాకపోతే కొన్నాళ్లు వింటూ కూర్చోండి, మీ పాస్టరు గారికి ఆ మాట దాచకుండా చెప్పండి. రెండు వారాలు వరసగా నిద్ర, తిండి పోయినా, పనికి లేవలేకపోయినా డాక్టరును కలవాలి. బతికి ఏం లాభం అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి, 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ నంబరు, పైసలు పడవు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు.