జపాన్ యాంప్లిఫయర్ కొన్నారా? ప్లగ్ పెట్టే ముందు ఇది చూడండి

పూర్ణా మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ జపాన్ యాంప్లిఫయర్ ఒకటి కొన్నాను. ప్లగ్ పెట్టబోతూ వెనక ప్లేటు చదివాను: 100 వోల్టులు, 50/60 హెర్ట్జ్, 180 వాట్లు. మన కరెంటు 230. అలాగే పెట్టుంటే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది.

ముందు వెనకాల వోల్టేజ్ సెలెక్టర్ ఉందేమో చూడండి. నాదానికి లేదు, కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పలేదు. షాపులో 110 వోల్టులది చేతికిచ్చి "సరిపోద్ది సార్" అన్నారు. సరిపోదు. మన లైన్ 245కి పెరిగితే అది 117 ఇస్తుంది. 100 అవుట్‌పుట్‌దే అడగండి. కెపాసిటీ వాట్లకి రెట్టింపు ఉండాలి. నేను 400 వీఏది తీసుకున్నాను.

ప్లేటు మీద 60 హెర్ట్జ్ మాత్రమే ఉంటే కొనకండి. స్టెప్‌డౌన్ వోల్టేజ్ తగ్గిస్తుంది గానీ ఫ్రీక్వెన్సీ మార్చదు. మన 50 హెర్ట్జ్‌లో అది వేడెక్కుతుంది.