తేటనీరు – దాగిన విషము

ఆషాఢమాసమున గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినపుడు బిందెలోపల చిల్లగింజను అరగదీసి, లేక పటికను త్రిప్పి, నీటిని తేర్చుట మన పెద్దలెఱిగిన పద్ధతి. కొంతసేపటికి ఒండు అడుగునకు దిగి పైనీరు తేటయగును. కాని తేటయైన నీరెల్ల నిరపాయమైనదా? విద్యార్థులు దీనిని విచారింపవలెను.

నీటిలో కంటికి కానరాని బాక్టీరియా యను సూక్ష్మజీవులుండును. 1884వ సంవత్సరమున రాబర్టు కాక్ పండితుడు కలకత్తాలో కలరా రోగులను పరీక్షించి ఆ వ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని నిరూపించెను. ఆయన శిష్యుడు రిచర్డు ఫైఫర్ 1892లో మఱియొక వింత కనుగొనెను. ఆ జీవులను వేడిచే చంపినను వాని కళేబరములు జంతువులకు హాని చేసెను! విషము వాని దేహకవచములోనే యిమిడియున్నది. దీనికే ఎండోటాక్సిన్, అనగా ఆంతరవిషమని పేరు. కలరాలో విరేచనములు కలిగించు విషము మాత్రము దీనికంటె వేఱని శంభునాథ్ డే 1959లో కలకత్తాలోనే నిరూపించెను.

దూది నీటిని పీల్చుకొనుట శోషణము. పొలమునుండి వచ్చువాని కాలికి ఒండు అంటుకొనుట వంటిది అధిశోషణము. ఆంతరవిషమున ఫాస్ఫేటు భాగములు కలవు; వానికి ఋణవిద్యుత్తు ఉండును. పటిక నీటిలో కరగగా పుట్టు అల్యూమినియం హైడ్రాక్సైడునకు ధనవిద్యుత్తు కలదు గాన విషమును తనపైకి లాగికొనును. ఒండుమట్టికిని ఋణవిద్యుత్తే, అయినను నీటిలోని కాల్షియము నడుమ వారధివలె నిలిచి రెంటిని కలుపును. విషములోని క్రొవ్వుభాగము బొగ్గును అంటుకొనును.

అయితే అంటుకొనిన విషము నశింపలేదు, చోటు మాత్రమే మారినది. బిందె కదలినచో అడుగుమట్టి మరల పైకి లేచును. బొగ్గు ఉపరితలము నిండినచో అది యిక దేనిని పట్టజాలదు. పైగా మార్చని పాతబొగ్గు సూక్ష్మజీవులకు నివాసమగును.

మరగించిన నీటిలో సూక్ష్మజీవులు చచ్చును గాని ఆంతరవిషము చెడదు. ఆరోగ్యవంతుని కడుపులోనికి పోయిన స్వల్పాంశము హాని చేయదు. రక్తమున ప్రవేశించినచో చలియు జ్వరమును కలుగును. సూదిమందునకు వాడిన బట్టీనీటివలన జ్వరము వచ్చుటకు బాక్టీరియాలే కారణమని ఫ్లారెన్సు సీబర్టు అను విదుషి 1923లో తెలిపెను. అందుచేతనే సూదిమందులకు వాడు గాజుపాత్రలను 250 సెంటిగ్రేడు డిగ్రీల పొడివేడిలో అరగంట యుంచుదురు.

కావున ఎఱ్ఱనీటి దినములలో మొదట నీటిని తేర్చి, అడుగు కదలకుండ వేఱుపాత్రలోనికి వంచి, పిదప మరగించి, మూతవేసి యుంచవలెను. అడుగుమట్టిని త్రాగునీటి చెంత పాఱబోయరాదు. కన్ను తేటదనమునే చూడగలదు. తక్కినది విద్య చూపవలెను.