పట్నం కోడలు – పల్లె అత్తవారిల్లు

నికాహ్ ఇద్దరు వ్యక్తుల మధ్య ఒప్పందం మాత్రమే కాదు, రెండు కుటుంబాల కలయిక కూడా. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో పెరిగిన అమ్మాయి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెకు కోడలిగా వచ్చినప్పుడు ఈ విషయం బాగా తెలిసివస్తుంది. ఆమె పుట్టింటి భాష ఉర్దూ. ఇక్కడి నూర్‌బాషా (దూదేకుల) కుటుంబాలలో ఇంటి భాష తెలుగు. ఇక్కడి తిండి జొన్నరొట్టె, సంగటి. ఆమె బురఖా లేనిదే గడప దాటదు. ఇక్కడ అత్త, ఆడబిడ్డ తలనిండా కొంగు కప్పుకొని చేనికో, చీనీతోటకో వెళతారు.

"ఉర్దూ రానివాళ్లు ఏం ముస్లిములు?" అని ఆమె అనుకుంటుంది. "రొట్టె తట్టడం కూడా రాదు, ఇదేం కోడలు?" అని వీళ్లు అనుకుంటారు. చాలా కాపురాలలో కలతలు మొదలయ్యేది ఇలాంటి చిన్న మాటలతోనే.

పక్కపక్కనే రెండు సూచనలు

దివ్యఖుర్ఆన్‌లోని అర్‌రూమ్ సూరా 21వ ఆయతు మనకు నికాహ్ సభలలో తరచుగా వినిపిస్తుంది. భార్యాభర్తల మధ్య ప్రేమను, కారుణ్యాన్ని కలిగించడం తన సూచనలలో ఒకటని అల్లాహ్ అందులో తెలియజేశాడు. కానీ దాని తరువాతి ఆయతు దగ్గర మనం ఆగి ఆలోచించము. మనుషుల భాషలు, రంగులు వేరువేరుగా ఉండటం కూడా తన సూచనలలోనిదేనని అల్లాహ్ 22వ ఆయతులో సెలవిచ్చాడు. దాంపత్యం ఒక సూచన అయితే, అత్తవారింటి భాష మరొక సూచన. మొదటిదాన్ని స్వీకరించి రెండవదాన్ని ఎగతాళి చేయడం విశ్వాసికి తగదు. అల్ హుజురాత్ సూరా 11వ ఆయతు ఎగతాళిని నిషేధిస్తూ, స్త్రీలను ప్రత్యేకంగా పేర్కొని మరీ హెచ్చరించింది. ఉర్దూలో ధార్మిక గ్రంథాల నిధి ఉన్న మాట నిజమే. అయితే ఈమాన్‌కు కొలత భాష కాదు, తఖ్వా.

హజ్రత్ అస్మా (రజి) ఆదర్శం

హజ్రత్ అస్మా (రజి) మక్కా నగర వర్తకులైన హజ్రత్ అబూబక్ర్ (రజి) కుమార్తె. హిజ్రత్ తరువాత ఆమె కాపురం ఖర్జూరపు తోటలు, సేద్యం ఉన్న మదీనాలో సాగింది. భర్త హజ్రత్ జుబైర్ (రజి) వద్ద అప్పట్లో ఒక గుర్రం, నీళ్లు తోడే ఒంటె తప్ప ఏమీ లేవు. ఆమే గుర్రానికి మేత వేసేవారు, నీళ్లు తెచ్చేవారు, దాదాపు రెండు మైళ్ల దూరంలోని పొలం నుండి ఖర్జూరపు గింజలను తలపై మోసుకొచ్చేవారు. పిండి కలిపేవారు గానీ, రొట్టె సరిగా కాల్చడం వచ్చేది కాదు. అన్సారీ పొరుగు స్త్రీలే కాల్చి ఇచ్చేవారు. వాళ్లు ఎంతో మంచి స్త్రీలని ఆమె తరువాత తలచుకున్నారు. ఈ వృత్తాంతం సహీహ్ బుఖారీలో ఉంది.

ఇందులో మనకు మూడు పాఠాలున్నాయి. పొలం పని స్త్రీ గౌరవాన్ని తగ్గించదు. రొట్టె రాని కొత్త కోడలికి ఇవ్వవలసింది ఎత్తిపొడుపు కాదు, సాయం. మూడవది భర్తకు సంబంధించినది: భార్య తలపై మోసిన ఆ బరువు హజ్రత్ జుబైర్ (రజి) మనసుకు కష్టం కలిగించింది. తరువాత హజ్రత్ అబూబక్ర్ (రజి) ఒక సేవకురాలిని పంపి కూతురికి గుర్రం పని తప్పించారు.

ఎవరి బాధ్యత ఏమిటి?

కోడలు: ఇంట్లో అడుగు పెట్టగానే అత్తమామలకు, జేజికి ముందుగా తానే సలాం చేయాలి. సలాముకు ఉర్దూ, తెలుగు అనే భేదం లేదు. దైవప్రవక్త (స) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదు. ఇష్టమైతే తినేవారు, లేకుంటే వదిలేసేవారు (బుఖారీ, ముస్లిం). సంగటి ముద్ద ముందు కూర్చున్నప్పుడు ఈ సున్నత్‌ను గుర్తుచేసుకోవాలి. బట్టను బట్టి అత్తను తూచకూడదు. షరీఅత్ కోరేది శరీరం కప్పబడి ఉండటాన్ని.

అత్తమామలు: కోడలు మీ ఇంటి పనిమనిషి కాదు. హనఫీ ఫిఖహ్ ప్రకారం అత్తమామల సేవ ఆమెపై చట్టరీత్యా విధి కాదు, అది ఆమె చేసే ఇహ్‌సాన్. ఆమె చేస్తే దుఆ ఇవ్వండి. చేయలేనప్పుడు నిందించకండి.

భర్త: తల్లిదండ్రుల సేవ మొదట నీ బాధ్యత. దాన్ని భార్యపై వేసి తప్పుకోకు. ఆమెకు లోపల గడియ పెట్టుకోగల ఒక గదైనా ఇవ్వడం ఆమె హక్కు. పల్లె ఇళ్లలో అందరిదీ ఒకే నడవ. భర్త తరఫు మగ బంధువు ఏకాంతంలో మృత్యువంతటి ప్రమాదమని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). కాబట్టి మరుదులు, బావలు తలుపు తట్టి, అనుమతి తీసుకున్నాకే లోపలికి రావాలి. ఈ ఏర్పాటు గురించి పెళ్లికి ముందే తల్లితో, తండ్రితో మాట్లాడు. తనకు కావలసిన చాటు గురించి కొత్త కోడలు నోరు తెరిచి అడగవలసిన పరిస్థితి రానీయకు.

అల్లాహ్ మన ఇళ్లను ప్రేమతో, కారుణ్యంతో నింపుగాక! ఆమీన్.